వన్నె తగ్గని ముత్యాలు

“ఆరేళ్ళు పెట్టెలో ఉన్న ముత్యాలు ఇలాగుండవమ్మా” అన్నాడు జగన్నాధం, దండని వెలుతురులోకి పట్టుకుని.

రాజాం బజార్లో అతనిది నగల కొట్టు. ఎదురుగా తెల్లపరుపు మీద దేముడమ్మ, ఆమెకి మూరెడు దూరంలో ఆమె బావ నరసింగరావు కూర్చున్నారు. నరసింగరావు చీపురుపల్లి స్టేషన్లో బుకింగు క్లర్కు. డ్యూటీ దిగి అట్నుంచటే బస్సెక్కాడేమో, మే నెల ఎండలో కూడా రైల్వే కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకునే ఉన్నాడు.

తన ముత్యాల దండ చెల్లెలి కూతురు చిన్నతల్లి పెళ్ళికి ఇవ్వాలన్నది ఆరేళ్ళ కిందట పోయిన ఆయన భార్య లక్ష్మీనరసమ్మ కోరిక. ఆయన కాదనలేదు. రేపు బంధువుల్లో మాట రాకుండా ధర కట్టించుకునే తీసుకుంటానని చెల్లెలు దేముడమ్మే ఇక్కడికి రమ్మంది. కొట్టు మెట్లెక్కబోతూ, “ఒక్క నిమిషం” అని పక్క సందులోకి వెళ్ళొచ్చి, చేతిరుమాల్లోంచి దండ తీసి ఇచ్చాడాయన.

“ఇలాగుండవంటే ఏటి? నకిలీవా?” దేముడమ్మ గొంతు లేచింది.

“అసలైనవే. బస్రా ముత్యాలు. ఇప్పుడొస్తన్న జపాను పెంపకం సరుకు కాదు.” జగన్నాధం ఒక ముత్యాన్ని పంటి మీద రాసి చూశాడు. “గరుకు తగులుతన్నాది. గుండ్రం బాగున్నాది. అన్నీ ఒక్క సైజు, ఒక్క రంగు. ఇలాగ జత కుదరాలంటే సంచెడు ముత్యాల్లో ఏరాల. ఇయన్నీ ధర పెంచేవే. కానీ అన్నిటికంటే ముందు మేం సూసేది వన్నె. బంగారాన్ని పెట్టెలో పెట్టి మర్సిపోయినా బంగారమే. ముత్యం అలాక్కాదు, ఒంటిమీద ఉండాల. మనిషి వేడి తగలకపోతే ఎండిపోయి పసుపెక్కిపోతాది. సగం ధర కూడా రాదు. ఇవి సూడండి, రోజూ ఎవరో ఏసుకుంటన్నట్టే ఉన్నాయి. ముట్టుకుంటే ఎచ్చగా కూడా ఉన్నాయేటండి?”

“జేబులో ఉన్నాయి కదా” అన్నాడు నరసింగరావు.

ఆయన మొహం మీద చెమట చూసి జగన్నాధం టేబుల్ ఫ్యాను ఆయనవైపు తిప్పాడు. ఆ కాస్త గాలికే ఆయన కళ్ళు కృతజ్ఞతతో వాలిపోయాయి.

దేముడమ్మ పూర్తిగా ఆయనవైపు తిరిగింది.

“బావా, ఇంట్లో నువ్వొక్కడివే కదా ఉంటన్నావు?”

“ఒక్కడినే.”

“మరెవులేసుకుంటన్నారు?”

ఆయన రుమాలు మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

“ఈ దారం కూడా సూడమ్మా” అన్నాడు జగన్నాధం. దండ వెనకాల పట్టుదారానికి ఇంకో జానెడు దారం ముడివేసి ఉంది. “ఎవరో పొడుగు సేయించుకున్నారు. మెడ లావు మనిషి.”

“మా అక్క మెడ పిడికిట్లో పట్టేది!” దేముడమ్మ మోకాళ్ళ మీద లేచింది. “అయితే ఎవతో దుక్కలాగున్నదే! సాయంత్రమైతే మీ బావ తలుపేసుకుని ఎవర్తోనో కబుర్లాడతాడని మీ ఈదిలో నారాయణమ్మ సెప్పనే సెప్పింది. నానే నమ్మలేదు.”

“దేముడమ్మా, మెల్లగా…”

“మెల్లగేటి? మా అక్క సీరలు కూడా అదే కడతన్నాదా? అక్క పోయినా బావ బావేనని పండక్కీ పబ్బానికీ పిలుస్తన్నాను సూడు, నాకు బుద్ధి లేదు. అదెవులో సెప్పు. సెప్పకపోతే పెళ్ళికి రానక్కర్లేదు. నేటితో నీకూ మాకూ సెల్లు!”

ఆయన తల ఎత్తాడు. ఈ లోకంలో ఆయన్ని ‘బావా’ అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

జగన్నాధం చూపు తిప్పుకుని తక్కెడ తుడుస్తున్నాడు. దేముడమ్మ దండని పైటకొంగులో మూట కట్టేసింది.

“పట్టుకెళ్ళు. అది మీ అక్క ఇచ్చిన మాట” అన్నాడాయన. “చిన్నతల్లికి చెప్పు, పెట్టెలో మాత్రం పెట్టొద్దని.”

“ముందు దాని పేరు సెప్పు.”

నరసింగరావు రుమాలు పక్కన పెట్టాడు. కోటు పై బొత్తం తీశాడు. తర్వాత రెండోది. తర్వాత చొక్కాది.

నెరిసిన వెంట్రుకల మధ్య, ఆయన మెడ చుట్టూ, ఒక్కో ముత్యమూ లెక్కపెట్టుకోగలిగేటంత ఎర్రగా దండ అచ్చు పడి ఉంది.