బ్రేకు లైటు

"తొక్కు," అన్నాడు బావ.

బావ పాత పికప్ వ్యాను క్యాబిన్లో కూర్చున్న అక్క బ్రేకు తొక్కింది. బ్రేకు లైటు వెలగలేదు కానీ, పక్కనున్న ఇండికేటరు మిణుకుమంది.

"రెండు బల్బులు, మూడు ఫ్యూజులు మార్చావు. నీ మెకానిక్ షాపు బోర్డు పీకి పొయ్యిలో పెట్టుకోరా బావమరిదీ."

"తమ్ముడూ, ఒక్కమాట..." అంది అక్క.

"నువ్వుండక్కా," అన్నాను, వైరు గీకుతూ.

"దీనికి తొక్కడమే సరిగా రాదు, మళ్ళీ మాటలు," అన్నాడు బావ. "బండి చూడరా, అద్దంలా లేదూ? ఒక్కో బోల్టూ విప్పి, కింద కూడా పెయింటేసి బిగించా."

నా చెయ్యి ఆగిపోయింది.

అక్క దిగొచ్చింది. "ఎర్త్ బోల్టు కింద వట్టి ఇనుమే ఉండాలి, పెయింటేస్తే కరెంటు పారదని ఆ రోజే చెప్పా. నీకేం తెలుసన్నారు. ఈయన సంగతి సరే, నాన్న షాపులో నీకంటే ముందు స్పానరు పట్టింది నేనని నీకు తెలీదుట్రా?"

వైరు వదిలేసి స్పానరు అందుకున్నాను. అక్క దాన్ని లాక్కుని బోల్టు విప్పింది. అద్దంలాంటి ఆ పెయింటును ఇనుము తేలేదాకా గీకి, మళ్ళీ బిగించింది.

"ఇప్పుడు మీరెక్కి తొక్కండి," అంది బావతో. "వెలిగిందో లేదో నేను చెప్తా."