నూటికి తొంభై ఎనిమిది పాళ్లు

"అది పేలుడు కాదమ్మా. రెండు నక్షత్రాలు ఢీకొన్నాయి."

పరిశోధకురాలు తలెత్తింది. గుమ్మంలో ఎవరో పెద్దాయన, చేతిలో మడతపెట్టిన కాగితం.

వారంగా ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఆకాశంలో రోజూ వేల కొత్త వెలుగులు. ఏది నక్షత్రం పేలుడో, ఏది రెండు నక్షత్రాలు ఢీకొన్నదో, ఆమె నేర్పిన కంప్యూటర్ మిషన్ తేల్చి చెబుతుంది. పెద్ద టెలిస్కోపు మాత్రం ఆమెకు నెలకొక్క రాత్రే ఇస్తారు. అది ఇవాళే. ఢీకొన్నది ఒక్కటైనా పట్టుకోకపోతే మూడేళ్ల చాకిరీ మట్టిలో కలిసినట్టే.

"మీకెలా తెలుసు?"

"మీరు బయటపెట్టిన ఫోటోలు చూశాను. నిన్న నీలంగా ఉంది, ఇవాళ ఎర్రబడింది. పేలుడైతే ఇంత తొందరపడదు. ఎల్లుండికి ఆరిపోతుంది."

"మిషన్ నూటికి తొంభై ఎనిమిది పాళ్లు పేలుడే అంటోంది, బాబాయిగారూ."

"పాపం, దానికేం తెలుసమ్మా? ఢీకొన్నవి అదెన్ని చూసిందని?"

మిషన్ మీద జాలిపడే మనిషిని చూడటం ఆమెకు ఇదే మొదలు.

"మీరేం చేస్తుంటారు?"

"ఇప్పుడేం లేదు. ఇదివరకు ఆకాశం చూసేవాణ్ణి."

"అందరం చూసేవాళ్లమేగా."

ఆయన చిన్నగా నవ్వి, ఆ వెలుగు ఎక్కడుందో రాసిన కాగితం బల్లమీద పెట్టాడు.

"టెలిస్కోపు ఒక్కసారి అటు తిప్పమ్మా. నీకు పుణ్యముంటుంది."

వాదించే ఓపిక లేదామెకు.

"సరే, చూస్తాలెండి."

రోజుకు పదిమందికి చెప్పే మాటే అది. టెలిస్కోపును, ఢీకొన్నదని మిషన్ చూపించిన మరో వెలుగువైపు తిప్పించింది. తీరా చూస్తే అది ఉత్త పేలుడు.

మూడోనాటికి పెద్దాయన చెప్పిన వెలుగు ఆరిపోయింది. ఆలోపే వేరే దేశం వాళ్లు చూసి, ఢీకొన్నదేనని తేల్చేశారు. పేరూ వాళ్లకే దక్కింది.

ఏడుపొచ్చింది ఆమెకు. ఏడవడానికీ ఓపిక లేక, మిషన్‌కు ఓనమాలు దిద్దించిన పాత జాబితా తెరిచింది. ముప్పై ఏళ్లలో కనిపించిన పన్నెండు వేల వెలుగులు. ఒక్కోదాని పక్కన అదేమిటో ఒక మాట. ఢీకొన్నవి రెండే ఉండేవి. రెండింటితో మిషన్ ఏం నేర్చుకుంటుందిలే అని, కిందటేడు వాటిని తనే తీసేసి, ఢీకొంటే ఇలా ఉంటుందని కంప్యూటర్లో తయారుచేసిన బొమ్మలు వాటి బదులు పెట్టింది.

గుమాస్తాను పిలిచింది.

"ఇవన్నీ కూర్చుని తేల్చిందెవరండీ? ఎంతమంది?"

"ఒక్కరే మేడమ్. ముప్పై ఏళ్లూ ఆయనే."

"ఇప్పుడెక్కడుంటారు?"

"తెలీదండి, రిటైరయి పదేళ్లయింది. మొన్న వచ్చి మీ గది ఎటని అడిగితే నేనే చూపించాను."