ఆరుబయట ఇరవై ఆరు

"మీ ఆయన ఇవాళ కూడా పొద్దున్నే పూటుగా పట్టించాడు. రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు," అన్నాడు కోల్డ్ స్టోరేజి ఇన్‌చార్జి.

పళ్లు ఏరే బల్ల దగ్గర్నుంచి ఆమె గబుక్కున లేచింది. మొగుడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు మత్తుగా ఉన్నాయి. ఆమెకీ అనుమానం వచ్చింది. దగ్గరికెళ్లి నోరు వాసన చూసింది.

"వాసన లేదు సార్."

"నేనూ చూశా. అదే నా అనుమానం. వాసన రాకుండా తాగుతున్నాడంటే ఎంత ముదురో!"

తాళం వేశాక మూడుసార్లు లాగి చూసుకునే మనిషి ఆయన. మాట ఒక పట్టాన నమ్మడు.

"ఒట్టు, చుక్క ముట్టలేదు. ఆ గదిలోకెళ్తేనే తల దిమ్మెక్కుతోంది," అన్నాడు మొగుడు.

పళ్లు మగ్గిపోకుండా ఆ గదిలో ఆక్సిజన్ తగ్గించి ఉంచుతారు. మనుషులు వెళ్లేముందు ఫ్యాన్లతో మంచిగాలి నింపుతూ, సరిపడా చేరిందో లేదో మీటరుతో కొలుస్తారు.

ఇన్‌చార్జి మెడలోని మీటరు ఆడించి చూపించాడు. "లోపల ఆక్సిజన్ ఇరవై పాయింట్ తొమ్మిది శాతం. బయట గాలిలో ఎంతో అంతే! రోజూ నేనే సెట్ చేస్తా. మీట నొక్కగానే, చుట్టూ ఉన్నదే మంచిగాలని గుర్తుపెట్టుకుంటుంది. ఇక దాంతో పోల్చి చెబుతుంది."

"ఓసారి ఇటివ్వండి." లాక్కున్నంత పనిచేసి, ఆమె ఆరుబయటికి నడిచింది. అంకెలు ఎగబాకి ఇరవై ఆరు దగ్గర ఆగాయి.

"ఎండకి పిచ్చెక్కింది దానికి," అని నవ్వాడు ఇన్‌చార్జి.

"వేడీ చలీ చూసుకుని అంకె సరిచేసుకునే ఏర్పాటు అందులోనే ఉందని మీరే చెప్పారుగా?"

ఆమె మీటరుని నీడలో పెట్టి పావుగంట కాపలా కాసింది. ఇరవై ఆరు కదల్లేదు. ఆయన నవ్వు మాత్రం ఆగింది.

"సార్, పొద్దున ఎక్కడ నిలబడి మీట నొక్కారు?"

ఇన్‌చార్జి నుదురు రుద్దుకున్నాడు. ఈమధ్య పొద్దున్నే తనకీ తల బరువెక్కుతోంది. మెల్లగా వెళ్లి ఆమె మొగుడి పక్కనే గోడ పట్టుకున్నాడు.

"ఆ ఏర్పాటు మీద నాకు మొదట్నుంచీ అనుమానమేనమ్మా... చలిలో వాడేదాన్ని చలిలోనే సెట్ చేయాలని, రోజూ ఆ గదిలోపలే."