రెండు సీసాల మడనీళ్ళు

"ఇదేం విచిత్రం నాన్నా! రెండూ ఒక్కలాగే ఉన్నాయి!"

కిటికీ దగ్గర మైక్రోస్కోపు మీద వంగిన ఛాయ తల ఎత్తకుండానే అంది. సెలవులకని కాలేజీవాళ్ళు అరువిచ్చిన మైక్రోస్కోపు అది. ఈ హిందీ ఊళ్ళోని స్టీల్ ప్లాంటు కాలనీ క్యాంప్ 2 దుమ్ము పడకుండా దాన్ని చంటిపిల్లలా చూసుకుంటోంది.

ఎదురుగా గణపతిరావు టీ ఊదుకుంటున్నాడు. స్టీల్ ప్లాంటులో రిటైరై రెండేళ్ళయింది. మొన్న సొంతూరు వెళ్ళినప్పుడు, కూతురు అడిగిందని సముద్రం దగ్గరి ఏటిపాయల నుంచి రెండు సీసాల నీళ్ళు తెచ్చాడు. ఒకటి మడ అడవి లోపలిదట. రెండోది మడచెట్లు నరికి రొయ్యల చెరువులు తవ్విన చోటిదట.

"ఒక్కలా ఉంటే మంచిదే కదేటి?"

"ఎలా మంచిది? నీళ్ళలో కంటికి కనపడని మొక్కలుంటాయి. చేపపిల్లలకు అవే తిండి. మడ అడవిలో అవి రకరకాలుండాలి. చెరువుల మురికి కలిసేచోట ఏ నాలుగు రకాలో మిగలాలి. ఇక్కడేమో పడవల్లాంటివి, పూసల్లాంటివి, సూదుల్లాంటివి... అటూ అవే, ఇటూ అవే!"

"అయితే చెరువుల వల్ల నష్టం నేదని రాసీ."

"రాస్తే అత్త గతేంటి?"

ఛాయ మేనత్త చిన్నమ్మలు, ఆమె ఇంటిల్లిపాదీ ఆ పాయల్లో వేటాడి బతికేవాళ్ళే. ఏడాదిగా వలలు ఖాళీగా వస్తున్నాయి. జాలర్లంతా కలిసి కలెక్టరుకు అర్జీ పెడుతున్నారు. ఛాయ రిపోర్టు దానికి జతచేస్తారు. నీళ్ళు బాగున్నాయని రాస్తే ఆ అర్జీ చెత్తబుట్టలోకే.

ఏదైనా బుర్రలో పడితే అంతు చూడందే నిద్రపోని పిల్ల ఛాయ. మళ్ళీ ఈ చుక్క, ఆ చుక్క మార్చి మార్చి చూసింది. పక్కపక్క ఇళ్ళ పులుసే ఒక్కలా ఉండదు, రెండు పాయల నీళ్ళు అచ్చం ఒకేలా ఎలా ఉంటాయి? చటుక్కున తలెత్తింది.

"సచ్ బోలో, నిజం చెప్పు నాన్నా. రెండు సీసాలూ ఒక్కచోటే ముంచావు కదూ?"

గణపతిరావు గ్లాసు కింద పెట్టాడు.

"మోకాల్లోతు బురదమ్మా. అంత దూరం ఎవుడెల్తాడని ఒక్క దగ్గరే నింపీసేను."

ఛాయకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వేడికే జడవని మనిషి బురదకు జడిశాడు!

"పోనీలే. రేపటి రైలుకి నేనే వెళ్తాను."

"ఈ ఎండల్లోనా? వొద్దు."

"వెళ్ళాల్సిందే. ఆ చెరువుల ఓనరు పేరు కూడా రాయాలి. ఊళ్ళో ఎవరికీ తెలీదట. కాపలావాడి చేత నడిపిస్తున్నాడట, ఎంత సిగ్గులేని మనిషో! మండలాఫీసులో అడిగితే వాళ్ళే చెప్తారు."

"ఆ పేరు ఎతకొద్దమ్మా."

"ఏం, నీకు తెలిసినవాడా?"

గణపతిరావు నేలచూపులు చూశాడు. ఇక చెప్పక తప్పదని తేలిపోయింది.

"ఆ చెరువులు నీ పేరునే కొన్నాను తల్లీ."