అమ్మ చేతి సూపు

నూలు మిల్లు మూతపడింది. దాంతో ఎదురుగా ఉన్న హోటలుకూ ఊపిరాడలేదు. పని పోయినవాడు హోటలు మెట్లెందుకెక్కుతాడు? బల్లల మీద ఈగలు కూడా వాలడం మానేశాయి.

హోటలాయనకు తాళం వేయడం కన్నా ఆ తర్వాత సంగతే భయం. బావమరిది ఇంట్లో పై గది ఖాళీగా ఉందట. "వచ్చేయండి బావా, మొహమాటమెందుకు" అని వచ్చినప్పుడల్లా నవ్వుతూ పిలుస్తున్నాడు. ఆ నవ్వు చూస్తూ ఆ ఇంట్లో అన్నం తినడం ఈయనవల్ల అయ్యే పని కాదు.

భార్య గట్టి మనిషి. కష్టాల్లో ఉన్నవాళ్ళకి కొత్త రుచులు ఎక్కవు, చిన్నప్పుడు అమ్మ పెట్టిన తిండే కావాలంది. మెనూలో ఉన్నవన్నీ కొట్టేయించి 'అమ్మ చేతి సూపు' అని పెద్దక్షరాలతో రాయించింది. వెన్న వేసి, పొయ్యి దగ్గరే నిలబడి శ్రద్ధగా కాచింది. తాగినవాళ్ళు బాగుందన్నారు. మళ్ళీ రాలేదు.

అంతలో ఆమెకు జ్వరం తగిలింది. పాలవాడు ఎవరో పెద్దమ్మను తీసుకొచ్చాడు. వంట వచ్చా అని తప్ప హోటలాయన ఆవిణ్ణి ఇంకేమీ అడగలేదు. ఆవిడ వండుతుంటే హోటలాయన చూడలేక తల తిప్పుకున్నాడు. బంగాళాదుంపలు తొక్కతోనే గిన్నెలో పడేసింది. నీళ్ళు బోలెడు పోసింది. అడుగంటుతున్నా గరిటె పెట్టలేదు.

మధ్యాహ్నం మిల్లు ఫిట్టరొకడు దారితప్పినట్టు వచ్చాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"అచ్చం మా అమ్మ కాచినట్టే ఉంది" అన్నాడు.

మర్నాటికి కబురు పాకింది. ఇల్లు కదలని మగాళ్ళు కూడా గడ్డాలు గీసుకుని మరీ వచ్చారు. నూలు వడికేవాళ్ళంతా ఒక బల్ల, రంగులద్దేవాళ్ళంతా ఒక బల్ల. మా అమ్మ సూపంటే మా అమ్మ సూపని తగువులాడుకున్నారు. పని పోయాక వాళ్ళు గట్టిగా నవ్వడం అదే మొదలు.

ఫిట్టరు ఏకంగా తల్లినే వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. ఇంత మాడు కంపు నా వంటింట్లో ఎన్నడైనా ఎరుగుదువట్రా అంది. "నీకు మతిమరుపు వచ్చిందే అమ్మా" అని ఆవిడ గిన్నె కూడా లాక్కుని తాగేశాడు.

హోటలు నిలబడింది. బావమరిది పై గది అద్దెకిచ్చేసుకున్నాడు.

జ్వరం తగ్గి లేచిన హోటలామెకు మాత్రం మనసులో కాస్త మంటే. వంటగదిలోకొచ్చి, ఈ సూపు మీ అమ్మ నేర్పిందా అని పెద్దమ్మను అడిగింది.

పెద్దమ్మ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"వాళ్ళకి చెప్పకు తల్లీ, ఇది మిల్లు క్యాంటీనులో ఇన్నేళ్ళూ నేను కాచిన సూపే, ఇది తాగలేమని గిన్నెలు గేటు ముందు పారబోసి సమ్మెకు దిగిందీ వీళ్ళే."