నాలుగో ప్లగ్గు

తెల్లారేసరికి మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకు చేరాలి. పికప్ వ్యాను చూస్తే స్టార్టవడం లేదు. చీకటి పడ్డాక ఏసోబు ఇంటి ముందే బానెట్ ఎత్తి, టార్చిలైటు బ్యాటరీ పక్కన పెట్టి, పాత ప్లగ్గులు నాలుగూ విప్పాడు.

కొత్తవి బిగించే ముందు వాటిలో నిప్పురవ్వ వస్తుందో లేదో చూడాలి. ఒకరు ప్లగ్గుకు వైరు తగిలించి ఇంజనుకు ఆనించాలి. ఒకరు లోపల కూర్చుని తాళం తిప్పాలి.

"రెబ్కా, తాళంచెవి తెచ్చి లోపల కూర్చోవే," అని భార్యను కేకేశాడు.

కాసేపటికి వ్యాను తలుపు మూసిన చప్పుడైంది. బానెట్ అడ్డంగా ఉంది, లోపలి మనిషి కనపడదు.

"సెల్ఫ్ కొట్టు."

ఇంజను తిరిగింది. నీలం రవ్వ ఎగిరింది. రెండో ప్లగ్గూ బాగానే ఉంది. మూడోదీ అంతే. చెప్పగానే తిరుగుతోంది, చాలనగానే ఆగుతోంది. రెబ్కాకు ఇంత ఒడుపు ఎప్పుడొచ్చిందో అనుకున్నాడు.

"ఇందయ్యా," అంటూ రెబ్కా ఇంట్లోంచి వచ్చింది. "పిల్లకి అన్నం పెట్టేసరికి ఆలస్యమైంది. లోపలెవరు?"

తాళంచెవి ఆమె చేతిలో ఉంది. ఇంకొకటి ఉండేది. పోయినేడు చనిపోయిన అన్నయ్య ప్రేమదాసు దాన్ని ఖాకీ చొక్కా జేబులో వేసుకునేవాడు. ఆ చొక్కాతోనే అతన్ని పెట్టెలో పడుకోబెట్టారు. జేబు తడిమి చూడాలని ఎవరికీ తోచలేదు.

ఏసోబు నాలుగో ప్లగ్గుకు వైరు తగిలించి ఇంజనుకు ఆనించాడు.

"కొట్టు, అన్నయ్యా," అన్నాడు.