గాడిద ఎస్సై గొంతు

సరిగ్గా సాయంత్రం నాలుగయ్యేసరికి లోవలక్ష్మి మొదటి మొగుడు మాట్లాడటం మొదలుపెడతాడు. పక్కన కూర్చున్న సోములు మొహం గోడకేసి తిప్పుకుంటాడు.

మాట్లాడేది టీవీలోంచి. పాతకాలపు కౌబాయ్ బొమ్మల సీరియల్. ఎడారి, చెక్క మేడలు, గుర్రపు బళ్ళు. మనుషుల బదులు జంతువులు. పెద్ద టోపీ పెట్టుకుని నడుముకి రెండు తుపాకులు కట్టుకున్న గాడిద ఆ ఊరికి పోలీసు. నక్క దొంగ. కోడిపెట్ట సారాకొట్టు నడుపుతుంది.

పాతికేళ్ళ కిందట కేబుల్ నడిపే చిట్టిరాజు ఆ కేసెట్లు తెచ్చి తన చానల్లో వేస్తే, ఆ ఇంగ్లీషు నర్సీపట్నంలో ఎవరికీ ముక్క అర్థం కాలేదు. అప్పుడు లోవలక్ష్మి మొగుడు, నాటకాలాడే మనిషి, మైకు ముందు కూర్చుని గాడిదకి గొంతిచ్చాడు. దాంతో అది గాడిద ఎస్సై అయిపోయింది. ఎడారి నర్సీపట్నం అయిపోయింది. గుర్రపు బండి వచ్చి ఆగితే, "నాతవరం ఆటో వొచ్చింది, సర్దుకుని కూకోండి" అనేది గాడిద. జనం పనులు మానుకుని చూశారు.

ఆ కేసెట్లలో ఇప్పుడు మిగిలింది ఒకటే, లోవలక్ష్మి రోజూ నాలుగింటికి వేసేది. తక్కినవి తుఫానుకి నానిపోయాయి. కంప్యూటర్లోకి ఎక్కించి తెస్తానని చిట్టిరాజు ఎన్నిసార్లు అడిగినా, లోవలక్ష్మి దాన్ని గుమ్మం దాటనివ్వలేదు.

ఇదంతా చిట్టిరాజు చెప్పిందే. నెలకోసారి వచ్చి, కేసెట్టు ఆడించే ఆ పాత వీసీపీ దుమ్ము దులిపి, హెడ్డు తుడిచి, చెప్పిందే చెప్తాడు. చెప్తున్నంతసేపూ సోములు మొహంలోకే చూస్తాడు. రెండో మొగుణ్ణి ఏడిపించడానికి కాకపోతే మరెందుకు?

తనది మారుమనువు. అది ఎలా జరిగిందో సోములుకి సరిగా గుర్తు కూడా లేదు. మారుమనువుకి మేళాలుంటాయా, పందిళ్ళుంటాయా? నలుగురు పెద్దల ముందు పసుపుతాడు కట్టించి తాంబూలాలు పంచేస్తారు. గుర్తుండటానికి ఏముంది గనక.

పోయినవాడి చొక్కాలే తను తొడుక్కుంటున్నాడు. అవి కొలిచి కుట్టినట్టు సరిపోవడం మరీ కంపరం. వీధిలోకెళ్తే కిళ్ళీకొట్టు తాతాజీ, "ఏటి ఎస్సై గారూ, డ్యూటీకేనా?" అంటాడు. ఒకడి కుర్చీలో ఇంకొకడు కూర్చుంటే లోకం నవ్వదూ.

గాడిద జోకు వేస్తే లోవలక్ష్మి "ఊరుకో మావా" అని నవ్వుతుంది. తననీ మావా అనే పిలుస్తుంది. ఇద్దరికీ ఒకటే పిలుపు.

కనీసం పేరన్నా తెలుసుకుందామని ఓసారి అడిగేశాడు, ఆ గొంతు ఎవరిదని. లోవలక్ష్మి ఉలిక్కిపడి అతని చెయ్యి పట్టుకుంది.

"నా మొగుడిది."

"పేరు లేదేటి ఆడికి?"

"మొగుడి పేరు నోటితో ఎలా పలుకుతాను మావా? నువ్వు సెప్పు, ఇంటాను."

ఎగతాళి కాకపోతే ఏమిటి. చెయ్యి విదిలించుకున్నాడు.

అసలు భయం ఈ మధ్యే పట్టుకుంది. మొన్న గాడిద తుపాకీ తీసి నక్కకి గురిపెట్టింది. గాడిద నోరు తెరవకముందే, దాని మాట వచ్చి సోములు నాలిక మీద కూర్చుంది.

"బేగి దిగరా నక్కా, అన్నం సల్లారిపోతాంది."

అతను అనలేదు. అతని పెదాలు అన్నాయి. మరుక్షణం అదే మాట టీవీలోంచి వచ్చింది. సోములు అరచేత్తో నోరు మూసుకున్నాడు. పక్కన లోవలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఎవడి కోసమో చెప్పాలా.

నిన్న అలాంటివే మూడు మాటలు. ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటూ ఉన్నట్టుండి గాడిద ఎస్సై నవ్వు నవ్వాడు. నవ్వి, అద్దంలో తన నోరు చూసుకుని హడలిపోయాడు.

వాడు తనలోకి దిగుతున్నాడు. ఇంకో వారం పోతే ఈ ఒంట్లో సోములనేవాడు మిగలడు. తను వాడి చొక్కా తొడుక్కున్నట్టు, వాడు తనని తొడుక్కుంటాడు.

మధ్యాహ్నం లోవలక్ష్మి కూరలకి వెళ్ళింది. సోములు కేసెట్టు తీసి నేలకేసి కొట్టాడు. నల్ల రిబ్బను బారలు బారలుగా లాగి, వేణ్ణీళ్ళ పొయ్యిలో కుక్కాడు. అది మెలికలు తిరుగుతూ, ముడుచుకుపోతూ కాలింది. ఆఖరి మూర కూడా లోపలికి తోసేసరికి, ఎన్నాళ్ళకో ఇల్లు తనదైనట్టనిపించింది.

నాలుగవుతుండగా లోవలక్ష్మి వచ్చింది. వాసన తగిలి గుమ్మంలోనే ఆగింది.

"ఏటి కాలుత్తాంది మావా?"

"నీ మొదటి మొగుడు," అన్నాడు సోములు. "పంపించీసేను. ఇంక మన మజ్జిన ఎవుడూ లేడు."

ఆమె పొయ్యి ముందు చతికిలబడి కట్టెపుల్లతో బూడిద కెలికింది. కరిగి గడ్డకట్టిన నల్లటి ముద్ద తప్ప ఇంకేమీ తగల్లేదు. పుల్ల పక్కన పెట్టి, అతని మొహంలోకి చూసింది.

"బండి మీంచి పడి నువ్వెవరో మర్సిపోయిన కాడ్నుంచీ నీ అంతట నీకే గుర్తొత్తాదని మూడేళ్ళుగా నీ గొంతే నీకు ఇనిపిత్తన్నాను మావా, ఇప్పుడిప్పుడే నీ పెదాలు కదుల్తన్నాయి."